జమాఖర్చు: బండి జబ్బు చెప్పే మిషను కొనాలా?

మీటరులో ఇంజను బొమ్మ దీపం పసుపుగా వెలిగిందంటే మన కెంచనగుడ్డలో ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. "ఆ కోడ్లు చదివే మిషను మనమే కొనుక్కుంటే పోలా సార్?" అని అడిగేవారు ఎక్కువయ్యారు. లెక్క చూద్దాం.

ముందు బండి వయసు చూడండి. 2020 ఏప్రిల్ 1న బి.ఎస్.6 నిబంధన వచ్చాక కొత్త బళ్ళలో పెట్రోలును కొలిచి ఇచ్చేది కంప్యూటరే. పాత కార్బొరేటరు బండికి ఈ మిషను దండగ.

రెండోది సాకెట్టు. కార్లకుండే 16 పిన్నుల సాకెట్టు బైకులకు సాధారణంగా ఉండదు. మీ బండికి సరిపడే వైరు దొరుకుతుందో లేదో అడిగాకే డబ్బు తీయండి.

మూడోది ముఖ్యం. మిషను జబ్బు పేరు చెబుతుంది గాని మందు చెప్పదు. పి0335 అంటే క్రాంకుషాఫ్టు సెన్సారు సర్క్యూట్లో లోపం. సెన్సారే పోయిందా, ఎలుక వైరు కొరికిందా, కనెక్టరు తుప్పు పట్టిందా అన్నది చేత్తో చూసి తేల్చాల్సిందే. కోడు చెరిపితే దీపం ఆరుతుంది, రోగం పోదు.

అలాగని బొత్తిగా వద్దనను. వరికోతల్లో బండి మొరాయిస్తే సిరుగుప్పకు ఆటోలో వేసుకుపోవాలి. బాడుగ ఒకటి, పోయిన కూలి ఒకటి. కోడు ముందే తెలిస్తే మెకానిక్కుకు ఫోనులో చెప్పొచ్చు. ఊహ మీద సామాన్లు మార్చే ఖర్చూ తప్పుతుంది.

నా సలహా: వారంటీ ఉంటే షోరూముకే వెళ్ళండి. లేకుంటే ఒకే కంపెనీ బళ్ళున్న నాలుగిళ్ళవారు కలిసి ఒకటి కొనండి. ఏడాదికొకసారి వాడే వస్తువుకు ఒక్కరే పెట్టుబడి పెట్టడం దండగ.