ఆటగాడి కూలి ఎవరు మింగుతున్నారు?

"ఆట మీద ప్రేమ ఉన్నోడు పైసలు అడుగుతాడా?" ఈ మాట కాలేజీ యాజమాన్యాల నోట, ఊరి పెద్దమనుషుల నోట మనం చానాసార్లు విన్నాం. మనకు కొత్త మాట కాదిది. గడీల ముందు వెట్టి చేసిన మన తాతలతో కూడా ఇట్లనే అన్నారు. డప్పు కొట్టిస్తే ఆనవాయితీ అన్నారు. చెప్పులు కుట్టించుకుంటే ఆచారం అన్నారు. అర్ధరాత్రి కబురు మోయిస్తే మర్యాద అన్నారు. కూలి అని మాత్రం అనలేదు. కూలి అంటే లెక్క కట్టాలి, లెక్క కడితే బాకీ తేలుతుంది.

పని పేరు మార్చి కూలి ఎగ్గొట్టే ఈ విద్య ఇయ్యాల కూడా నడుస్తోంది. బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల గేట్ల కాడ నిలబడి అడగండి. పాత కార్మికుడు చేసే పనే చేస్తున్న పిలగానికి 'ట్రైనీ' అని పేరు. ఏడాది దాటినా ట్రైనీనే. పర్మినెంట్ సంగతి అడిగితే "నీకు పని నేర్పుతున్నం గదా, ఇంకేం కావాలె?" అంటారు. కాలేజీ ఆటగానికి చెప్పే జవాబు కూడా అచ్చం ఇదే. ఈ జవాబును ఒక పెద్ద వ్యాపారంగా నిలబెట్టిన దేశం అమెరికా. మన దగ్గర ఏం జరుగుతున్నదో తెలియాలంటే ముందు అక్కడి సంగతి చూడాలి.

అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు తీరు బంతిని చేతుల్తో పట్టుకొని ఉరుకుతారు, ఒకరినొకరు గుద్దుకొని పడగొడతారు. లక్షమంది పట్టే స్టేడియాలు యూనివర్సిటీలకే ఉన్నాయి. టికెట్ల పైసలు, టీవీ పైసలు యూనివర్సిటీలకే పోతాయి. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ ఉద్యోగులందరిలో ఎక్కువ జీతం గవర్నర్‌ది కాదు, ఫుట్‌బాల్ కోచ్‌దో బాస్కెట్‌బాల్ కోచ్‌దో. అలబామా కోచ్ నిక్ సాబన్ 2024లో రిటైర్ అయ్యేనాటికి ఏడాదికి కోటి డాలర్ల పైనే తీసుకుంటున్నాడు. ఆడే పిల్లలకు మాత్రం దశాబ్దాలపాటు ఫీజు, తిండి, హాస్టలే దక్కాయి. ఆ ఆడేవాళ్లలో నల్లజాతి పిల్లలు ఎక్కువ. అవే యూనివర్సిటీల క్లాసు గదుల్లో వెతికితే మాత్రం వాళ్లు తక్కువ కనపడతారు. మైదానంలో కావాలి, క్లాసులో అక్కర్లేదు. ఈ లెక్క మనకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

1955లో రే డెన్నిసన్ అనే ఆటగాడు కొలరాడోలో ఒక కాలేజీ తరఫున ఆడుతూ తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పని మీద చచ్చిన కార్మికుని భార్యకు వచ్చే పరిహారం తనకూ రావాలని అతని భార్య అడిగింది. 1957లో అక్కడి సుప్రీంకోర్టు ఇవ్వం పొమ్మన్నది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చేయడం లేదట! ఆ రోజుల్లోనే అక్కడి కాలేజీ క్రీడా సంఘం ఆటగాళ్లకు 'విద్యార్థి క్రీడాకారుడు' అని ఒక పేరు తయారుచేసి అన్ని కాగితాల్లోకి ఎక్కించింది. ఉద్యోగి అనే మాట పడకుండా ఉండటానికే ఆ పేరు పెట్టామని, ఆ సంఘాన్ని 1951 నుంచి 1987 దాకా నడిపిన వాల్టర్ బైయర్స్ పదవి దిగినాక 1995లో తన పుస్తకంలో తానే రాశాడు. మన 'ట్రైనీ'కి అన్న అన్నమాట.

ఆ పిల్లలు ఊకోలేదు. 2014లో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ఆటగాళ్లు యూనియన్ పెడతామన్నారు. కింది అధికారి వాళ్లు ఉద్యోగులేనన్నాడు, 2015లో పై బోర్డు ఆ సంగతిలో తలదూర్చం అని తప్పుకుంది. 2021లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలూ ఒక్కమాటగా ఆటగాళ్ల పక్షాన తీర్పు ఇచ్చారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం పాత ఆటగాళ్లకు సుమారు 280 కోట్ల డాలర్ల బాకీ కట్టాలి. ఇకమీద ఒక్కో యూనివర్సిటీ మొదటి ఏడాది 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు.

ఇది గెలుపే. కానీ అందులోనూ మెలిక ఉంది. ఇచ్చే పైసలు 'జీతం' కాదట, ఆటగాని పేరు, బొమ్మ వాడుకున్నందుకు ఇచ్చేవట. ఉద్యోగి అని ఇప్పటికీ ఒప్పుకోలేదు. అంటే యూనియన్ లేదు, దెబ్బ తగిలితే చట్టం ఇచ్చే పరిహారం లేదు. పైగా పాత బాకీలో ఎక్కువ వాటా మగవాళ్ల ఫుట్‌బాల్‌కూ బాస్కెట్‌బాల్‌కే పోతోందని ఆడపిల్లలు అప్పీలుకు పోయారు. వాళ్ల కోపం న్యాయమైందే. పైసలు రాగానే పంపకంలో మళ్లీ ఎవరిని కింద కూచోబెడుతున్నారో చూడాలి.

ఇదంతా బొల్లారంలో మనకెందుకు అంటారేమో. మన హైదరాబాద్ ఫుట్‌బాల్ కథ మన చాలామంది పిల్లలకు తెలియదు. 1951లో, 1962లో ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్లకు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆడిన తులసీదాస్ బలరాం అమ్ముగూడ పేదింటి పిలగాడు. (అమ్ముగూడ కంటోన్మెంట్ బొలారం పక్కన ఉంటది, మా ఫ్యాక్టరీల బొల్లారం వేరు.) ఆ కాలపు ఆటగాళ్లకు కోట్లు రాలేదు గానీ పోలీసు కొలువో రైల్వే కొలువో దొరికేది. జబ్బు చేసి 1963లో, ఇంకా ముప్పై నిండకుండానే బలరాం ఆట ఆగిపోయింది. ఆట ఆగినా రైల్వే ఉద్యోగం ఆగలేదు. అదీ ఆటగాని పరిహారం అంటే.

ఇప్పుడు ఆ కొలువులు ఎక్కడున్నాయి? 1991 తర్వాత సర్కారు ఫ్యాక్టరీల్లో భర్తీలు పడిపోయాయి. రిజర్వేషన్ పోయిన దారినే ఆటగాని కొలువు కూడా పోయింది. మా చుట్టూ ఇన్ని ప్రైవేటు ఫ్యాక్టరీలున్నాయి, రిజర్వేషనూ లేదు, ఆటగానికి కొలువూ లేదు. ప్రైవేటు క్లబ్బులు వస్తే బాగుపడతామన్నారు. వచ్చింది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్ గెలిచింది. రెండేళ్లు తిరగకుండానే ఆటగాళ్లకు జీతాలు ఇవ్వలేక, ఉన్నవాళ్లు వెళ్లిపోయి, పట్టికలో అట్టడుగుకు పోయింది. చేతులు మారి 2025లో మూటాముల్లె సర్దుకొని ఢిల్లీకి పోయింది, పేరు కూడా మార్చుకుంది. యజమాని పోగలడు, ఊరు మార్చగలడు. జీతం రాని ఆటగాడు ఎక్కడికి పోవాలె?

పాలవంకర్ బాలూ సంగతి మన వాళ్లందరికీ తెలిసిందే అయినా మళ్లీ చెప్పాలి. చమార్ కులంలో పుట్టిన బాలూ పూనా ఇంగ్లీషు క్లబ్బులో నెలకు 4 రూపాయల జీతానికి పిచ్ చదును చేసేవాడు, దొరలకు బంతులు వేసేవాడు. 1911లో ఇంగ్లండ్ పోయి వికెట్లు కుప్పలుగా తీశాడు. జట్టులో మాత్రం టీ బయట నిలబడి మట్టిముంతలో తాగాడు. కెప్టెన్సీ ఇవ్వలేదు. బంతి ముట్టుకోవచ్చు, గ్లాసు ముట్టుకోవద్దు. ఆయన చెయ్యి కావాలి, ఆయన మాత్రం అక్కర్లేదు.

మన కాలేజీలు ఇప్పుడు చేస్తున్నది దీనికి ఎంత దూరం? కబడ్డీ గానీ ఫుట్‌బాల్ గానీ యూనివర్సిటీకి ఆడిన పిలగాని ఫోటో అడ్మిషన్ల బ్యానర్ మీద పడుతుంది. వానికి దక్కేది ఒక టీషర్టు, సర్టిఫికెట్, రెండు అరటిపండ్లు. నైట్ షిఫ్టు చేసి పొద్దున ప్రాక్టీసుకు వచ్చే పిల్లల్ని మేము ఎరుగుదుం. మోకాలు విరిగితే ఫ్యాక్టరీలోనైతే కనీసం ఈఎస్‌ఐ కార్డు గురించి కొట్లాడొచ్చు. మైదానంలో విరిగితే తల్లి పుస్తె తాకట్టు పెట్టాల్సిందే. మా దగ్గర చదివిపోయిన ఒక పిల్ల రెండుసార్లు కాలేజీకి కప్పు తెచ్చింది. రీయింబర్స్‌మెంట్ రాలేదని అదే కాలేజీ ఆమె మెమోలు ఇవ్వకుండా పట్టుకుంది. ఆ కప్పు ఇంకా ఆఫీసు అద్దాల బీరువాలో ఉంది.

ఖేలో ఇండియాలో ఎంపికైన వాళ్లకు నెలకు 10,000 రూపాయల చేతిఖర్చు ఇచ్చే పద్ధతి పెట్టారు. మంచిదే, అంటే ఆటగానికి నెలనెలా పైసలు ఇస్తే ఆట చెడిపోదని సర్కారే ఒప్పుకున్నట్టు. మరి అది ఎంపికైన కొద్దిమందికే ఎందుకు? మండలం నుంచి యూనివర్సిటీ దాకా ఆడే మాలమాదిగ, లంబాడ, ముస్లిం, బీసీ పిల్లల సంగతేంది?

పైసలు లేవు అంటారు. ఉన్నాయి. ప్రతి విద్యార్థి దగ్గరా స్పెషల్ ఫీజుల్లో కలిపి ఆటల ఫీజు గుంజుతున్నారు. ఆటస్థలమే లేని కాలేజీలు కూడా గుంజుతున్నాయి. ముందు ఆ లెక్క గోడ మీద అతికించమని అడుగుదాం. ఆ ఫీజులోంచే ఆడే ప్రతి పిల్లకూ పిలగానికీ ఆడినన్ని నెలలు తిండిఖర్చు, దారిఖర్చు, దెబ్బలకు బీమా కట్టాలి. కాలేజీకి ఆడిన వాళ్ల సర్టిఫికెట్లు ఫీజు బాకీ పేరుతో ఆపకూడదు. ఫోటో బ్యానర్ మీద వేస్తే అడిగి వేయాలి, పైసలిచ్చి వేయాలి. ఆడపిల్లల జట్టుకు మగపిల్లలతో సమానంగా ఖర్చు పెట్టాలి. ఇవి మేము అమెరికా నుంచి తెచ్చిన కోర్కెలు కావు, మైదానం కాడ పిల్లలు చెప్పినవే.

సర్కారు కాలేజీలకూ, యూనివర్సిటీకీ సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో దరఖాస్తు పెట్టొచ్చు, తెల్లకార్డు ఉంటే అదీ అక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. మూడేళ్లలో ఆటల ఫీజు ఎంత వసూలైంది, ఎవరికి ఎంత ఖర్చు చేశారు, దెబ్బ తగిలిన ఆటగాళ్లకు ఎంత ఇచ్చారు, ఈ మూడు ప్రశ్నలు చాలు. ప్రైవేటు కాలేజీల సంగతి యూనివర్సిటీనే అడగాలి. దరఖాస్తు రాయడం ఇబ్బంది అనుకునేవాళ్లు బడి విడిచినాక సాయంత్రం మా దగ్గరికి రండి, కూర్చుని రాద్దాం.