ఎంపిక ఎవరిది? నడుము ఎవరిది?

2010 నవంబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్ల ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. పనిలో గాయపడిన కార్మికులకు వైద్యమూ, కోల్పోయిన జీతంలో కొంత భాగమూ ఇచ్చే బీమాను ప్రైవేటు కంపెనీలకు తెరవాలా, వద్దా? దాని పేరు ఇనిషియేటివ్ 1082. అక్కడ తగినన్ని సంతకాలు సేకరించగలిగిన వారెవరైనా ఒక చట్టాన్ని నేరుగా ప్రజల ఓటుకు పెట్టవచ్చు. దీన్ని పెట్టించినది ఆ రాష్ట్ర భవన నిర్మాణ వ్యాపారుల సంఘం. పోటీ కావాలి, ఎంపిక కావాలి అన్నారు. 1991 నుంచి మనమూ వింటున్న మాటలే ఇవి. ఎవరి ఎంపిక అని మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే నేను అడుగుతున్నాను.

ఆ రాష్ట్రంలో నేను కొన్నాళ్లు సంరక్షణ పనులు చేసే స్త్రీలతో మాట్లాడుతూ తిరిగాను. వారిలో ఒకామె గుంటూరు వైపు మనిషి. సియాటిల్ చుట్టుపక్కల తెలుగువాళ్లంటే మనకు కంప్యూటర్ ఉద్యోగులే గుర్తొస్తారు. ఈమె పని వేరు. వృద్ధులను మంచం మీంచి లేపడం, స్నానం చేయించడం, కుర్చీలో కూర్చోబెట్టడం. నడుము పోయింది. క్లెయిము ఫారంలో గాయం ఎప్పుడు జరిగిందో తేదీ, వేళ రాయమన్న చోట ఆమె ఆగిపోయింది. "ఏ తేదీ వెయ్యనక్కా? ఒక్కరోజులో విరిగిన నడుము కాదిది, మూడేళ్లు అరిగింది" అంది.

ఆ రాష్ట్ర చట్టంలో గాయమంటే హఠాత్తుగా, కంటికి కనబడేలా జరిగిన సంఘటన. మెల్లగా అరిగిన శరీరం వృత్తివ్యాధి అనే మరో తలుపు తట్టాలి. ఆ వ్యాధి తన పనివల్లనే వచ్చిందని నిరూపించుకోవాలి. ఇంట్లో బిడ్డను ఎత్తుకోలేదా, కూరల సంచులు మోయలేదా అన్న ప్రశ్న స్త్రీకి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. జీతంలేని చాకిరీని ఎవరూ పనిగా లెక్కపెట్టరు, కానీ జీతమున్న పని చేసిన గాయాన్ని కొట్టిపారెయ్యడానికి మాత్రం ఆ చాకిరీయే సాక్ష్యంగా పనికొస్తుంది.

ఈ చట్టం పుట్టిన కాలాన్ని ఒకసారి చూడాలి. 1911 మార్చి 24న న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం అక్కడి కార్మిక పరిహార చట్టాన్ని కొట్టివేసింది. యజమాని తప్పు లేకుండా అతని చేత డబ్బు కట్టించడం అతని ఆస్తి హక్కుకు భంగమన్నది. మర్నాడే ఆ నగరంలో ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. అందులో 123 మంది స్త్రీలు, ఆడపిల్లలు. వాషింగ్టన్ తన చట్టం చేసుకున్నది ఆ సంవత్సరమే. అది ఒక రాజీ. కార్మికుడు యజమానిపై దావా వేసే హక్కును వదులుకున్నాడు. బదులుగా, తప్పు ఎవరిదని అడగకుండా పరిహారం పొందే హక్కు తెచ్చుకున్నాడు. ఆ డబ్బు నడిపే నిధి ప్రభుత్వం చేతిలో ఉంటుంది, మధ్యలో ఎవరూ లాభం తీసుకోరు. 1917లో అమెరికా సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది.

1082 ఈ రాజీలో ఒక పక్షాన్నే విడుదల చేసింది. అది నెగ్గి ఉంటే 2012 జూలై నుంచి యజమాని తనకు నచ్చిన ప్రైవేటు కంపెనీ దగ్గర పాలసీ కొనుక్కోవచ్చు. ప్రభుత్వ నిధి వాటితో పోటీపడాలి. మరి కార్మికురాలు? ఆమె కంపెనీని ఎంచుకోలేదు. కంపెనీ నచ్చకపోతే మార్చుకోలేదు. వదులుకున్న దావా హక్కు తిరిగి రాదు. చీర కొంటే నచ్చని కొట్టుకు మళ్లీ వెళ్లం. ఇక్కడ కొనేది ఒకరు, కట్టుకోవలసింది ఇంకొకరు. దీన్ని సంతలో ఎంపిక అనడం మోసం.

ఎర కూడా ఒకటి వేశారు. వాషింగ్టన్‌లో ప్రీమియాన్ని జీతం మీద కాకుండా పనిగంటల మీద లెక్కిస్తారు. అందులో వైద్యఖర్చుల పద్దులో సగం కార్మికుల జీతాల నుంచి పోతుంది. 1082 వస్తే ఆ కోత ఉండదన్నారు. తక్కువ జీతం మనిషికి ఆ కాస్త డబ్బు చిన్నదేమీ కాదు, నేను కాదనను. కానీ చందా కట్టేవారికి నిధిపై మాట ఉంటుంది. చందా పోతే ఆ మాటా బలహీనపడుతుంది.

ప్రైవేటు కంపెనీకి లాభం ఎలా వస్తుంది? వసూలు చేసినదానికీ చెల్లించినదానికీ మధ్య తేడాలోనే కదా. వాటాదారులకూ, ఏజెంట్లకూ, ప్రకటనలకూ పోయేది అందులోంచే. ప్రతి తిరస్కరణా, ప్రతి ఆలస్యమూ ఆ తేడాను పెంచుతుంది. తెగిన వేలిని కాదనడం కష్టం. నడుమునొప్పిని, మణికట్టు తిమ్మిరిని, రోగి కొట్టిన దెబ్బ తర్వాత పట్టని నిద్రను కాదనడం చాలా సులువు. ఈ రెండో జాబితాలో ఆడవాళ్ల ఉద్యోగాలే ఎక్కువ. "ఆమె నొప్పి నిజమా?" అని పితృస్వామ్యం ఎన్నాళ్లుగానో అడుగుతున్న ప్రశ్నకు ఇప్పుడు ధర కూడా కట్టబోయారు.

నేను అతిశయోక్తి చెబుతున్నానా? ఆ సంఘం చరిత్రే చూడండి. బరువులెత్తడం, ఒకే కదలిక పదేపదే చేయడం వల్ల వచ్చే గాయాలను ఆపడానికి 2000లో ఆ రాష్ట్ర కార్మిక శాఖ నిబంధనలు తెచ్చింది. 2003లో ఇనిషియేటివ్ 841 పేరుతో వాటిని రద్దు చేయించింది ఈ భవన నిర్మాణ వ్యాపారుల సంఘమే. గాయాన్ని ఆపే నిబంధన వద్దన్నవారు ఏడేళ్ల తర్వాత ఆ గాయానికి ఎవరు పరిహారం ఇవ్వాలో తామే ఎంచుకుంటామన్నారు. రెండింటినీ కలిపి చదవాలి.

ప్రభుత్వ నిధి గంగాజలం కాదు. ఆలస్యం, విసిగించే కాగితాలు అక్కడా ఉన్నాయి. గుంటూరు అమ్మాయి ఆగిపోయింది ఆ నిధి ఫారం ముందే. 1911 చట్టం అడవుల్లో, మిల్లుల్లో, గనుల్లో పనిచేసే మగవాడిని దృష్టిలో పెట్టుకుని రాసినది. 1971లో దాదాపు అన్ని ఉద్యోగాలకూ విస్తరించినప్పుడు కూడా ఒక ఇంట్లో ఒంటరిగా పనిచేసే పనిమనిషిని బయటే ఉంచారు. ఇది నిజం. అయితే ప్రభుత్వ నిధి అన్యాయం చేస్తే చట్టసభను నిలదీయవచ్చు, ధర్నా చేయవచ్చు, ఓటుతో మార్చవచ్చు. కంపెనీ వాటాదారుల సమావేశంలో ఆ నడుము విరిగిన మనిషికి కుర్చీ లేదు. సంస్కరించవలసిన దాన్ని అమ్మివేయడం సంస్కరణ కాదు.

ఓటర్లు 1082ను ఓడించారు. నూటికి సుమారు 59 మంది వద్దన్నారు. సంతోషమే. కానీ ముందు గుమ్మంలోంచి రాలేనిది పెరటి దారి వెతుక్కుంటుంది. 2011లో ఆ రాష్ట్ర చట్టసభ, వయసు మీరిన గాయపడ్డ కార్మికులు ముందే మాట్లాడుకున్న మొత్తానికి తమ క్లెయిమును సర్దుబాటు చేసుకునే పద్ధతిని అనుమతించింది. అద్దె కట్టవలసిన మనిషి బేరమాడే స్థితిలో ఉంటుందా? ఓటుతో గెలిచినదాన్ని ఓటు తర్వాత కూడా కాపలా కాయవలసిందే.

ఇక మన సంగతి. మన 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం బాధ్యతను ఒక్కొక్క యజమాని మీద వేసింది, బీమా చేసితీరాలని మాత్రం అనలేదు. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టం అందరి చందాతో ఉమ్మడి నిధిని తెచ్చింది, కానీ దాని గుమ్మం దగ్గర జీతం పరిమితీ, కార్మికుల సంఖ్య పరిమితీ కాపలా ఉన్నాయి. బీమా రంగాన్ని 1999 చట్టంతో ప్రైవేటుకు తెరిచారు. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రత కోడ్ ఈ పాత చట్టాలు రెండింటినీ తనలో కలుపుకుంది. రేపు ఇ.ఎస్.ఐ. ఆసుపత్రుల అధ్వాన్న స్థితిని చూపించి ఎవరో ఒకరు "ఎంపిక" అంటారు. ఆ అధ్వాన్నం నిజమే గనుక మనలోనూ కొందరు తల ఊపుతారు.

అప్పుడు మనం మూడు ప్రశ్నలు అడగాలి. ఎంచుకునేది ఎవరు? నొప్పిని నమ్మకపోతే లాభం ఎవరికి? అంట్లు తోముతూ జారిపడి చెయ్యి విరిగిన మనిషి, ఇంటి గడపలో బీడీలు చుట్టి మెడ పట్టేసిన మనిషి ఈ లెక్కలో ఎక్కడ ఉన్నారు? ఉమ్మడి నిధిని నిలబెట్టుకోవాలి, దాని గుమ్మాన్నీ విశాలం చేయాలి. తేదీ వెయ్యలేని గాయానికి కూడా ఫారంలో చోటు ఉండాలి. అంతకు తక్కువ దేనికీ మనం ఒప్పుకోనక్కరలేదు.