మాతృభాషలో రసాయన శాస్త్రము

తెలుగులో చదివిన పిల్లలకు సైన్సు పట్టువడునా యని బెంగుళూరులోని మన తల్లిదండ్రులు తఱచుగా అడుగుచున్నారు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. బిడ్డల భవిష్యత్తును గూర్చిన భయము అందున్నది. అయినను దానికి సమాధానము ఈ నగరముననే కలదని మా యభిప్రాయము.

చింతామణి నాగేశ రామచంద్రరావుగారు 1934లో ఇచ్చటనే జన్మించిరి. బసవనగుడిలోని ఆచార్య పాఠశాలలో వారు చదివినది కన్నడ మాధ్యమమున. మాతృభాషయందు అభిమానము కలుగవలెనని తండ్రిగారే అట్లు చేర్పించిరి. ఇంట మాత్రము కుమారునితో ఇంగ్లీషున మాటలాడెడివారు. రావుగారు 1958లో అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి. 1976లో, మనవారు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచు విజ్ఞాన సంస్థలో, ఘనస్థితి రసాయన శాస్త్ర విభాగమును నెలకొల్పిరి. 2014లో భారతరత్న బిరుదము నందుకొనిరి.

వారి పరిశోధనలలో ఒకదానిని మాత్రము చెప్పుదుము. నీటిని విడగొట్టి ఉదజనిని రాబట్టుటకు ప్లాటినము మేలైన ఉత్ప్రేరకము. కాని అది అరుదైనది, మిక్కిలి వెలగలది. దానికి బదులు మాలిబ్డినం సల్ఫైడు పలుచని పొరలు పనికివచ్చునా యని రావుగారును వారి శిష్యులును పరిశోధించిరి. ఈ పదార్థము యంత్రముల కందెనలలో ఏనాటినుండియో వాడుకలో నున్నదే! పొరలు ఒకదానిపై నొకటి జారుటవలన అది కందెన యగుచున్నది. ఆ పొరల అంచులయందలి పరమాణువులు ఉదజని పుట్టుకకు తోడ్పడుచున్నవి.

సౌర ఘటములందును పలుచదనమునకు విలువ గలదు. సిలికాను పలక మందము సుమారు 150 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో ఏడవవంతు. కాడ్మియం టెల్లూరైడు వెలుతురును గాఢముగా పీల్చుకొనును గనుక రెండు మూడు మైక్రానుల పొరయే చాలును. తుమకూరు జిల్లాలోని పావగడలో, మన తెలుగు వినవచ్చు నేలపై, 13,000 ఎకరములలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్కేంద్రము వెలసినది. ఆ సీమ పిల్లలు పలకలపై దుమ్ము తుడుచుటతో ఆగిపోవలయునా? లోపల జరుగుచున్నదానిని తెలిసికొని, అంతకంటె మంచి పలకను చేయువారు వారినుండి రావలదా?

‘కెటలిస్ట్’ అను మాటను పిల్లవాడు వల్లె వేయవలెను. ‘ఉత్ప్రేరకము’ అన్నచో అందలి ప్రేరణ వానికి తెలిసినదే. మన పుస్తకములలోని పదములన్నియు ఇంత సుబోధకములని మేము వాదింపము. కొన్ని సమాసములు ఇంగ్లీషుకంటెను కఠినములు. కళాశాలలో ఇంగ్లీషు తప్పదను మాటయు నిజమే. కావున ఎనిమిదవ తరగతినుండియే ఉపాధ్యాయులు రెండు పదములను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాయవలెను. ఇంటివద్ద పెద్దలు రావుగారి తండ్రివలె ఆ రెండవ భాషకు తోడ్పడవలెను. ఈ రాష్ట్రమున బ్రదుకువారమై కన్నడమును ఉపేక్షించుటయు తగదు.

బిడ్డను మఱియొక బడికి మార్చదలచిన తల్లిదండ్రులకు మా మనవి యొక్కటి. అచ్చటి మాధ్యమమును మాత్రమే విచారింపక, ప్రయోగశాల తలుపు వారమునకు ఎన్నిమార్లు తెఱచుదురో అడుగుడు. హైడ్రొజన్ పెరాక్సైడులో చిటికెడు మాంగనీసు డయాక్సైడు వేయగా ఆమ్లజని బుసబుస పొంగుటయు, నల్లని పొడి తరుగక మిగులుటయు పిల్లలకు కన్నులార చూపుదురా యనియు అడుగుడు. మన పాఠశాలను గూర్చియు ఇదే ప్రశ్న వేయుడు.