సులువైన కొండ



మా రఘునాథపల్లి చుట్టుపక్కల కొండ అంటే బండరాళ్ల గుట్ట. మేకలు కాసే పిల్లలు పొద్దున ఎక్కి, అన్నం వేళకు దిగి వస్తారు. అటువంటి ఊరివాడనైన నేను 13,000 అడుగుల ఎత్తు దాకా నడిచి, శిఖరం ఎదురుగా కనబడుతుండగానే వెనుదిరిగి వచ్చాను. ఎందుకు వెనుదిరిగానో ఈ నెల మీతో పంచుకోవాలని తలంచుచున్నాను.

మా సంఘంలోని ఒక కుటుంబంవారి అబ్బాయి అమెరికాలో డెన్వర్ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2023 జూలైలో అతను టిక్కెట్టు పంపి పిలిపించుకున్నాడు. డెన్వర్ ఉన్న కొలరాడో రాష్ట్రంలో 14,000 అడుగులు దాటిన శిఖరాలు యాభైకి పైగా ఉన్నాయి. వాటిలో షెర్మన్ పర్వతం ఎత్తు 14,036 అడుగులు. మన హైదరాబాదు ఎత్తు 1,800 అడుగుల లోపే. అయినా ఆ పెద్ద శిఖరాలలో ఎక్కడానికి సులువైన వాటిలో షెర్మన్ ఒకటని పేరు. ఫెయిర్‌ప్లే అనే చిన్న ఊరు దాటి, మట్టిరోడ్డు మీద కారు దాదాపు 12,000 అడుగుల దాకా పోతుంది. అక్కడినుండి పోను రాను 5 మైళ్లు, అంటే 8 కిలోమీటర్లు.

ఆ అబ్బాయి, అతని పదేండ్ల కొడుకు, నేను చీకటితోనే బయలుదేరాము. అక్కడ ఎండకాలంలో మధ్యాహ్నం కాగానే ఉరుములు, పిడుగులు వస్తాయి గనుక ఆ లోపే దిగిపోవాలి. పిల్లవాడిని హుషారు చేయడానికి, "ఏముందిరా, చేను దాకా పోయివచ్చినట్టే. ముసలమ్మలు కూడా ఎక్కుతారట" అన్నాను. ఈ మాటను జ్ఞాపకముంచుకోండి.

దారి నిజంగానే సులువుగా ఉంది. ఎందుకంటే అది మా వంటి షికారు మనుష్యుల కోసం వేసిన దారి కాదు, గనివాళ్లు వేసుకున్న దారి. వెండి, సీసం, జింకు కోసం వంద సంవత్సరాలకు పూర్వమే మనుష్యులు ఆ కొండను తవ్వారు. దారి పొడుగునా డాంట్‌లెస్, హిల్‌టాప్ అనే పాత గనుల శిథిలాలు కనబడతాయి. కూలిన చెక్క కట్టడాలు, తుప్పు పట్టిన ఇనుము, తవ్విపోసిన రాళ్ల కుప్పలు. ఇనుప తీగలకు తొట్లు వ్రేలాడదీసి ఖనిజాన్ని లోయలోకి దించేవారట. చెట్టు కూడా మొలవని ఆ ఎత్తుకు ఒక్కొక్క దూలం కిందినుండి ఎక్కించినదే.

కొండకు అవతలి పక్కన లెడ్‌విల్ అనే ఊరు ఉన్నది. అక్కడ మ్యాచ్‌లెస్ వంటి గనుల వలన హొరేస్ టేబర్ అనే వ్యాపారి కోటీశ్వరుడయ్యాడు. 1890లో అమెరికా ప్రభుత్వం నెలనెలా వెండి కొనాలని ఒక చట్టం చేసింది. దానిని షెర్మన్ చట్టమంటారు. ఈ కొండకు ఏ సేనాపతి పేరు పెట్టారో, అతని తమ్ముడి పేరు ఆ చట్టానిది. 1893లో దానిని రద్దు చేయగానే వెండి ధర పడిపోయింది, గనులు మూతబడ్డాయి. టేబర్ ఆస్తి పోగొట్టుకొని 1899లో మరణించాడు. అతని భార్య మ్యాచ్‌లెస్ గని పక్కనే గుడిసెలో ఒంటరిగా బ్రతికి, 1935లో చలికి బిగుసుకుపోయి కనబడింది. కోటీశ్వరుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. దూలాలు మోసినవారి పేర్లు ఎవరికి తెలుసు?

ఈ తలంపుతోనే 13,000 అడుగుల పైన రెండు శిఖరాల నడుమ ఉన్న పల్లానికి చేరాము. ఇక మిగిలింది 900 అడుగులే. నాకు తల దిమ్ముగా ఉంది. ఆ ఎత్తులో గాలి పలుచన. శిఖరం మీద ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టం దగ్గర దొరికేదానిలో నూటికి అరవై వంతులే. అయినా పైన నిలబడి ఫొటో దిగాలని, దానిని ఈ పత్రికలో వేయించాలని నాకు గట్టి ఆశ. అప్పుడు పిల్లవాడివైపు చూశాను. పెదవులు పాలిపోయాయి. పక్కకు పోయి వాంతి చేసుకున్నాడు.

"ఎప్పటినుండిరా?" అని వాళ్ల నాన్న అడిగాడు.

"ఫస్ట్ మైన్ దగ్గరనుండి తల నొస్తుంది."

"మరి చెప్పలేదేం?"

వాడు నావైపు చూసి, "అంకుల్ ఈజీ అన్నడు కదా" అన్నాడు.

ఆ మాట నాకు గుండెలో గుచ్చుకున్నది. సులువు అన్నాను గనుక, కష్టంగా ఉందని చెప్పడానికి వాడు సిగ్గుపడ్డాడు. ఎత్తు పడనప్పుడు మందు ఒక్కటే, వెంటనే దిగిపోవడం. దిగాము. కారు దగ్గరికి వచ్చేసరికి వాడి ముఖంలో రంగు వచ్చింది. ఫెయిర్‌ప్లే చేరేసరికి ఆకలి అన్నాడు. దేవునికి స్తోత్రం.

ఇంటికి వచ్చాక ఈ సంగతిని సంఘంలోని ఒక పెద్దాయనతో చెప్పాను. ఆయన గోదావరిఖనిలో ముప్పై ఏండ్లు సింగరేణి బాయిలో పనిచేసి రిటైరయినవాడు. మన దగ్గర ఇల్లందు ప్రాంతంలో 1871లో బొగ్గు జాడ కనిపెట్టి, 1889లో తవ్వకం మొదలుపెట్టారు. అప్పటినుండి ఎన్ని ఇండ్లు ఆ బాయిల మీద బ్రతికాయో మీకు తెలుసు. ఆయన ముందుగా, "పాత బాయి లోపలికి పోలేదు గద? కట్టె పుచ్చి ఉంటది, గాలి ఉండది" అని అడిగాడు. పోలేదన్నాను. కొంతసేపు ఊరకుండి, "మీరు ఒక్కనాడు పోయిండ్రు అయ్యగారూ. వాళ్లు దినాం పోయిండ్రు. సులువని వాళ్లెవ్వరూ అని ఉండరు" అన్నాడు.

భూమి లోపల, మనుష్యుల అడుగు పడని చోట గని తవ్వేవారి పాట్లను గూర్చి యోబు గ్రంథం 28వ అధ్యాయంలో ఎన్నిసార్లు చదివానో. ఈసారి చదివినప్పుడు ఆ కొండ దూలాలు, పెద్దాయన చేతులు జ్ఞాపకం వచ్చాయి.

మన ఇండ్లలో ఈ మాట ఎంత తేలికగా అంటాము! లెక్కలు రాని పిల్లవాడితో, "ఇంత సులువు కూడా రాదా?" అంటాము. కొత్తగా వచ్చిన కోడలితో, "ఈ పనెంత?" అంటాము. మనకు సులువైన ప్రతి దారిని ఎవరో ఒకరు కష్టపడి వేసి ఉంటారు. దాని మీద మన పక్కనే నడిచేవారికి ఊపిరి ఆడుతున్నదో లేదో ఒకసారి ఆగి అడుగుదాం.

ఆ పిల్లవాడు మొన్న ఫోనులో, "అంకుల్, మళ్లీ పోదామా?" అన్నాడు. పోదాం అన్నాను. ఈసారి తల నొస్తే ముందు నాకే చెప్పాలని మాట తీసుకున్నాను.