వల నిండితే సముద్రం నిండినట్టేనా?

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అంకెలంటే గురి ఎక్కువ. గ్రాఫు బాగుంటే సిస్టమ్ బాగుందనుకుని నిశ్చింతగా ఇంటికెళ్ళిపోతాం. ఇంతకీ ఆ గ్రాఫు దేన్ని కొలుస్తోందని మాత్రం అడగం. అడక్కపోతే ఏమవుతుందో కెనడాలోని కాడ్ చేపల కథ చెబుతుంది.

న్యూఫౌండ్‌ల్యాండ్ తీరం కొన్ని వందల ఏళ్ళుగా కాడ్ చేపకి పెట్టింది పేరు. 1968లో ఒక్క ఏడాదిలోనే అక్కడ సుమారు 8 లక్షల టన్నులు పట్టారు. ఆ తర్వాత చేపలు తగ్గడంతో 1977లో కెనడా 200 నాటికల్ మైళ్ళ వరకూ సముద్రాన్ని తన అధీనంలోకి తెచ్చుకుంది. ఇక చేపలు కోలుకుంటాయని అందరూ ఆశపడ్డారు. విదేశీ ఓడలు తగ్గాయి, సొంత ట్రాలర్లు పెరిగాయి.

సముద్రంలో చేపల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేం కదా! అందుకని పరిశోధక నౌకల సర్వేలతో పాటు, ట్రాలర్లకి గంటకి ఎంత చేప పడుతోందన్న లెక్కని కూడా వాడారు. 1980లలో ఆ లెక్క భేషుగ్గా కనిపించింది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. కాడ్ గుంపులుగా బతికే చేప. సంఖ్య తగ్గినా మిగిలినవి ఒకచోట చేరతాయి. సోనార్ ఉన్న ట్రాలర్ తిన్నగా ఆ గుంపు మీదికే పోతుంది. వల ఎప్పటిలాగే నిండుతుంది. అంటే ఆ అంకె కొలిచింది చేపల సంఖ్యని కాదు, వాటిని వెతికి పట్టడంలో మన నేర్పుని.

ఒడ్డు దగ్గర ఒకేచోట వల కట్టి, చేప రావాలని ఎదురుచూసే చిన్న జాలర్లకి ఈ సౌకర్యం లేదు. చేపలు తగ్గాయనీ, చిన్నవైపోతున్నాయనీ వాళ్ళు మొత్తుకున్నారు. వినేవాళ్ళు తక్కువ. చివరికి 1992 జూలై 2న ప్రభుత్వం వేట నిషేధించింది. దాదాపు 30 వేలమందికి జీవనాధారం పోయింది. రెండేళ్ళనుకున్న నిషేధాన్ని ఎత్తేసింది 2024లో! నీళ్ళు చల్లబడటం కూడా ఒక కారణమంటారు, నిజమే కావచ్చు. అయినా అంత వేట లేకపోతే ఇంత పతనం జరిగేదని నేననుకోను.

"చిన్నవైపోతున్నాయి" అన్న మాట తేలిగ్గా తీసుకోవలసింది కాదు. వేటలో పెద్ద చేపలే ముందు పోతాయి. చిన్నగా ఉండగానే గుడ్లు పెట్టేవి నిలబడి, ఆ లక్షణాన్నే పిల్లలకిస్తాయి. పతనానికి ముందే ఈ కాడ్‌లు చిన్న సైజులోనే ఈడుకొస్తున్నాయని 2004లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ఇంకా ఆశ్చర్యం: 30 కిలోల ఆడ కాడ్ ఒక్కటే, రెండేసి కిలోల ఆడచేపలు 28 కలిపి పెట్టేవాటికన్నా ఎక్కువ గుడ్లు పెడుతుందట. కాబట్టి ఎన్ని టన్నులున్నాయన్నదొక్కటే చాలదు, ఆ టన్నుల్లో తల్లిచేపలెన్ని ఉన్నాయో చూడాలి. వేటకి పరిమితి పెట్టేటప్పుడు టన్నులతో పాటు వయసూ, సైజూ లెక్కలోకి రావాలని నా అభిప్రాయం.

దానివల్ల జాలర్ల కడుపు కొట్టినట్టవదా అంటారేమో. ముప్ఫై రెండేళ్ళ నిషేధంకన్నా ఏటా కొంత తగ్గించి పట్టడం నయం కాదూ? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభమేముంది?

ఆ శాస్త్రజ్ఞులు తెలివి తక్కువవాళ్ళేం కాదు, మనలాంటివాళ్ళే. వాళ్ళ దగ్గర డేటా ఉంది. డేటాలో కనబడనిది మాత్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి తెలుసు.