ఆప్షన్ ధరలో కాలమునకు కట్టు వెల



మదుర, కోయంబత్తూరు సీమలలోను మా పళని చుట్టుపట్లను తరతరములుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో నేడు సెల్‌ఫోనుపై షేర్ల ఆప్షన్లు కొనుట ప్రవేశించినది. పెద్దలు దానిని జూదమని తిట్టి ఊరకుండుచున్నారు. పిన్నలు షేరు పెరుగునా, తగ్గునా అనునది తెలిసిన చాలునని తలచుచున్నారు. ఈ రెండును సరికావని మనవి చేయుటకే ఈ లేఖ.

మా వీధి కుర్రవాడొకడు ఒక కంపెనీ మూడు నెలల లెక్కలు వెలువడుటకు ముందురోజున కాల్ ఆప్షన్ కొనెను. లెక్కలు బాగున్నవి, షేరు కొద్దిగా పెరిగినది. అతని కాల్ ధర మాత్రము సగమునకు పడిపోయినది. "తాతా, నేననుకొన్నట్లే షేరు పెరిగినది గదా, నా డబ్బెందుకు పోయినది?" అని అడిగినాడు. ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండ ఎవరును ఈ వ్యాపారములో దిగరాదని నా అభిప్రాయము.

ఆయకుడిలో ఒక జామతోటను నెలలోపల ఫలాని వెలకు కొందుమని బయానా యిచ్చి కాగితము వ్రాయించుకొన్నామనుకొందము. తోట వెల పెరిగిన కొందుము. పెరుగనిచో బయానా వదలుకొందుము. కాల్ ఇట్టిదే. పుట్ అనగా ముందు కుదిరిన వెలకు అమ్ముకొను హక్కు. ఒక్క భేదమున్నది. బయానా తుది వెలలో చెల్లును. ఆప్షనుకు కట్టిన ప్రీమియం చెల్లదు, అది అమ్మినవానికే పోవును.

ఇక లెక్క. షేరు నేడు 1000 రూపాయలు, మన హక్కు ధరయు 1000 రూపాయలే. ఏడాదిలో సుమారు 20 శాతము అటునిటు ఊగు స్వభావము గల షేరైనచో, వడ్డీ లెక్క విడిచిపెట్టిన, నెల గడువు గల కాల్ సుమారు 23 రూపాయలుండును. ఈ 23లో అసలు విలువ సున్న; సర్వము కాలమునకును ఆశకును కట్టిన వెలయే. షేరు కదలక యున్నయెడల, వారము మిగిలినప్పుడు అది 11కు, ఒక్క దినము మిగిలినప్పుడు 4కు దిగును. నిలకోట్టై సంతలో మల్లెపూవు వాడినట్లు మొదట మెల్లగా, చివర వడివడిగా వాడును. గడువునాటికి షేరు 1010 అయినను చేతికి వచ్చునది 10 రూపాయలే. షేరు పెరిగినది, మనకు 13 నష్టము! 1023 దాటిన తరువాతనే లాభమను మాట.

కుర్రవాని ప్రశ్నకు అసలు జవాబు మరియొకటి. అదే షేరు 40 శాతము ఊగునని బజారు భావించిన, అదే కాల్ 23 గాక 46 పలుకును. కంపెనీ లెక్కలకు ముందు ఏమగునో యని అందరును ఆదుర్దాపడుదురు గనుక ప్రీమియం ఉబ్బును. లెక్కలు వెలువడిన మరుక్షణము ఆదుర్దా తీరును, ఉబ్బు దిగును. మంచి వార్తయైనను దిగును. 2024 జూన్ 4న ఎన్నికల ఫలితములనాడు నిఫ్టీ సూచీ సుమారు 6 శాతము పడినది. బజారు భయమును కొలుచు ఇండియా విక్స్ 27 దరిదాపుల ముగిసినది. మరునాడు సూచీ 700 పాయింట్లకు పైగా లేచినది, విక్స్ 19 దరిదాపులకు దిగినది. ముందునాడు హెచ్చు ధరకు కాల్ కొన్నవారికి సూచీ ఇచ్చిన లాభములో కొంత ఈ దిగుడు కోసివేసినది.

వడ్డీ పెరిగిన కాల్ ధర కొంచెము హెచ్చును, డివిడెండు రానున్న తగ్గును. ఇవి చిన్నవి. 1973లో అమెరికాలో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ అనువారు ప్రకటించిన సూత్రములో షేరు ధర, హక్కు ధర, గడువు, వడ్డీ అను నాలుగును కంటికి కనబడునవే. ఐదవదియైన ఒడుదొడుకు మాత్రము ఊహ. కొనువాడు ఇతరుల ఊహకు వెల కట్టుచున్నాడు. మెట్రిక్యులేషన్ చదివిన నాకు బోధపడిన ఈ విషయము, ఇంజనీరింగు చదివిన పిల్లలకు బోధపడదనుట నేను నమ్మను. వారికి చెప్పినవారు లేరు, అంతే.

ఈ వ్యాపారము మనకు క్రొత్త కాదు. బొంబాయి బజారులో తేజీ, మందీ అను పేర్లతో పూర్వమే యుండెడిది. 1956 చట్టము షేర్ల ఆప్షన్లను నిషేధించినది. 1995లో నిషేధము తొలగి, 2001 జూలైలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో షేర్ల ఆప్షన్లు మొదలైనవి. ఫలితమేమి? 2024-25లో ఫ్యూచర్స్, ఆప్షన్లలో దిగిన వ్యక్తులలో సుమారు 91 శాతము మంది నష్టపోయిరనియు, వారి నికర నష్టము లక్ష కోట్ల రూపాయలు దాటినదనియు సెబీయే లెక్క చెప్పినది. దీనిని చూచి ఆప్షన్లు అమ్ముటయే మేలని కొందరు బయలుదేరుచున్నారు. అమ్మినవానికి కాలము తోడే గాని, షేరు ఒక్కసారిగా ఎగిరినచో నష్టమునకు హద్దులేదు. అది ఇంకను ప్రమాదము.

బ్రోకర్లు తమ యాప్‌లలో రంగురంగుల గీతలు చూపుచున్నారు. "కొనుము" అను మీట ప్రక్కనే, ఈ ప్రీమియములో అసలు విలువ ఎంత, కాలమునకు ఎంత, షేరు కదలకున్న రేపటికి ఎంత తరుగును అను మూడు అంకెలను తెలుగులోను తమిళములోను చూపవలెనని సెబీ ఆజ్ఞాపించిన బాగుండును. ఇది అంత కష్టమైన పని కాదు. ఆ అంకెలు వారి యంత్రములలో ఇదివరకే యున్నవి. మన ఇండ్లలో పెద్దలు కూడ పిల్లవానిని కోపించుటకు ముందు, ఆ మూడు అంకెలు చెప్పుమని అడుగవలెనని కోరుచున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రభుత్వ గుమాస్తా,
పళని