వజ్రానికి రేటు బోర్డు ఉండదు

నర్సరావుపేటలో ఏ నగల కొట్టు ముందు ఆగినా, లోపలికి అడుగు పెట్టకముందే బంగారం రేటు తెలిసిపోతుంది. బోర్డు మీద రాసి ఉంటుంది, లేదంటే చేతిలో ఫోన్ ఉంది. మాచర్ల బస్టాండ్‌లో టీ తాగుతున్న పెద్దాయన్ని అడిగినా గ్రాము ఎంతో కాస్త అటూ ఇటుగా చెప్పేస్తాడు. అదే పెద్దాయన్ని "వజ్రం రేటెంత బాబాయ్?" అని అడిగి చూడండి. నవ్వేస్తాడు. కొట్టు ఓనర్ని అడిగితే "ఏ సైజు, ఏ క్వాలిటీ?" అని తిరిగి మననే అడుగుతాడు. ఇందులో మోసమేం లేదు. వజ్రానికి నిజంగానే ఫలానా రోజు ఫలానా రేటు అనేది లేదు.

మన తరం నిశ్చితార్థానికి డైమండ్ రింగ్ కావాలంటోంది. అమ్మానాన్నలు దాన్ని బంగారం కొన్న కళ్లతోనే చూస్తున్నారు. "పోనీలే, ఎక్కడికి పోతుంది, అవసరానికి అక్కరకొస్తుంది" అని సర్దుకుంటున్నారు. చిక్కంతా ఆ "అక్కరకొస్తుంది" దగ్గరే ఉంది.

రేటు లేని సరుకు బేరం ఎలా ఉంటుందో చెప్పడానికి మన పల్నాడును మించిన ఉదాహరణ దొరకదు. బెల్లంకొండ వైపు కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు ఉండేవి. ఇప్పుడు ఆ చోటు పులిచింతల నీళ్ల కింద ఉంది. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి నగల వ్యాపారి టావెర్నియే అక్కడికి వచ్చి, సుమారు అరవై వేల మంది పని చేస్తున్నారని రాసుకున్నాడు. రీజెంట్ వజ్రం అక్కడిదే. తవ్వితీసినప్పుడు 410 క్యారెట్లు. జామ్‌చంద్ అనే వ్యాపారి దాన్ని మద్రాసులో సెయింట్ జార్జి కోట గవర్నర్ థామస్ పిట్ దగ్గరికి తీసుకెళ్లాడు. మొదట చెప్పిన ధర రెండు లక్షల వరహాలు. నెలల తరబడి బేరం నడిచి, చివరికి 48 వేలకు తెగింది. ఇంగ్లండు లెక్కలో సుమారు ఇరవై వేల పౌండ్లు. సానబట్టించి 1717లో పిట్ దాన్ని ఫ్రాన్స్ రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకు అమ్మాడు. అది పారిస్ లూవ్ర్ మ్యూజియం సేకరణలోది. 2025 అక్టోబరులో అక్కడ పడిన దొంగలు కూడా దాన్ని వదిలేసి వెళ్లారు.

ఒకే రాయి, మూడు ధరలు. అమ్మేవాడికి ఎంత తెలుసు, కొనేవాడికి ఎంత తెలుసు అన్న దాన్ని బట్టే అన్నీ నడిచాయి. మూడొందల ఏళ్ల తర్వాత వ్యాపారులకైతే ఓ ఆధారం దొరికింది. న్యూయార్క్ నుంచి రాపాపోర్ట్ అనే ధరల పట్టిక 1978 నుంచి వస్తోంది. హోల్‌సేల్‌ వాళ్లు దాన్ని ముందు పెట్టుకుని, ఇంత శాతం తక్కువకి అని బేరం మొదలుపెడతారు. మనకి అలాంటి పట్టిక లేదు. మనకి ఉన్నది ఓ సర్టిఫికెట్, నాలుగైదు ప్రశ్నలు, ఇంకో నాలుగు కొట్లు తిరిగే ఓపిక.

మా బాబాయి కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఈమధ్య నిశ్చితార్థం కుదిరితే ఉంగరం కోసం రెండు కొట్లలో అడిగి నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, రెండు చోట్లా ముప్పై సెంట్ల ఉంగరమే. బంగారం కూడా ఇంచుమించు అంతే. కానీ ముప్పై వేలకు పైనే తేడా చెప్తున్నారు. రెండోవాడు దోచేస్తున్నట్టున్నాడు."

"ఎన్ని రాళ్లురా?"

"ఒకదాంట్లో పువ్వులా ఉన్నాయి, పది ఉంటాయి. ఇంకోదాంట్లో ఒకటే."

కథంతా అక్కడే ఉంది. ఒక క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, అందులో నూరో వంతు సెంటు. మూడు సెంట్ల చిన్న రాళ్లు పది పెట్టినా ముప్పై సెంట్లే, ముప్పై సెంట్ల రాయి ఒకటి పెట్టినా ముప్పై సెంట్లే. కానీ పెద్ద రాయి దొరకడం అరుదు కాబట్టి సైజు పెరిగేకొద్దీ సెంటు ధర కూడా పెరిగిపోతుంది. రెండో కొట్టువాడు దోచుకోవట్లేదు, వేరే సరుకు చూపిస్తున్నాడు. అందుకే "మొత్తం ఎన్ని సెంట్లు" అని అడిగి ఊరుకోకూడదు. ఎన్ని రాళ్లు, ఒక్కోటి ఎంత అని అడగాలి.

ఇదే లెక్కలో మనకి లాభం కూడా ఉంది. అరక్యారెట్, ఒక క్యారెట్ లాంటి గుండు అంకెల దగ్గర ధర మెట్టు ఎక్కినట్టు ఎక్కుతుంది. ఒక క్యారెట్ గుండ్రటి రాయి అడ్డంగా ఆరున్నర మిల్లీమీటర్లు ఉంటుంది, తొంభై సెంట్లదైతే ఆరుకి కొంచెం పైన. ఆ తేడా పెళ్లికూతురి వేలి మీద మీ అత్తగారికి కూడా కనపడదు. యాభైకి బదులు నలభై ఐదు సెంట్ల రాయి అడిగితే చాలు, చెప్పుకోదగ్గ డబ్బు మిగులుతుంది.

రంగు, స్వచ్ఛత గురించి కొట్లో గంట సేపు చెప్తారు కానీ నేను తొందరగా తేల్చేస్తా. రంగు డీ నుంచి జెడ్ దాకా ఉంటుంది. డీ అంటే పూర్తి తెలుపు, కిందికి వెళ్లేకొద్దీ పసుపు ఛాయ. పసుపు బంగారంలో పొదిగించేటట్టయితే జీ, హెచ్ చాలు, చుట్టూ ఉన్న బంగారమే ఆ ఛాయని కప్పేస్తుంది. స్వచ్ఛత అంటే లోపలి మచ్చలు. వాటిని పది రెట్లు పెద్దదిగా చూపించే అద్దం కింద గ్రేడ్ చేస్తారు. మామూలు కంటికి మచ్చ కనపడకపోతే వీఎస్ సరిపోతుంది, వీవీఎస్‌కి ఎక్కువ పెట్టే డబ్బు అద్దం పెట్టి చూసేవాళ్ల కోసమే. (రాయిలో మచ్చ ఉంటే పడదు, వజ్రం అందరికీ అచ్చిరాదు అనే పట్టింపు ఇంట్లో ఉంటే మాత్రం అది పెద్దవాళ్లతో మీరే తేల్చుకోండి, నేను మధ్యలోకి రాను.) డబ్బు మిగిలితే కట్ మీద పెట్టండి. మెరుపు దాన్నుంచే వస్తుంది. ప్రపంచంలో వజ్రాల్లో ఎక్కువ భాగం సాన పడుతున్నది మన సూరత్‌లోనే, అయినా అన్ని రాళ్ల మీదా ఒకే శ్రద్ధ పెట్టరు. బరువు పోకుండా లోతుగా ఉంచేసిన రాయి తూకంలో ఎక్కువ, చూపులో తక్కువ. కొట్లో ఫోకస్ లైట్ల కింద ఏ రాయైనా మెరుస్తుంది. ఒకసారి గుమ్మం దగ్గరికి తీసుకొచ్చి పగటి వెలుగులో చూస్తానని అడగండి. మొహమాటం అక్కర్లేదు.

సర్టిఫికెట్ అంటే కొట్టువాడి లెటర్‌హెడ్ మీద స్టాంపు వేసిన కాగితం కాదు. జీఐఏ, ఐజీఐ లాంటి బయటి ల్యాబ్ ఇచ్చింది అయ్యుండాలి. దాని మీది నంబరు ఆ ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొడితే వివరాలన్నీ వస్తాయి. ఒంటి రాయైతే చాలాసార్లు అదే నంబరు రాయి అంచు మీద లేజర్‌తో చెక్కి ఉంటుంది, అద్దం పెట్టి చూపించమనండి.

ఇప్పుడు ల్యాబ్ వజ్రం సంగతి. ఇది మన అమ్మవాళ్లకి తెలిసిన అమెరికన్ డైమండ్ లాంటిది కాదు. అది వజ్రమే కాదు. ల్యాబ్‌లో పెంచినది నిజంగా వజ్రమే, అదే కార్బన్, అదే గట్టిదనం. కొట్లో పెన్నులాంటి టెస్టర్ పెట్టి "చూడండి, డైమండ్ అని చూపిస్తోంది" అంటారు. ఆ టెస్టర్ సాధారణంగా రెండింటికీ అదే చూపిస్తుంది. భూమిలోదా, ల్యాబ్‌దా అన్నది కంటికి తేలదు, దానికి ల్యాబ్ పరికరాలు కావాలి. కాబట్టి భూమిలోంచి తీసిన రాయి అని చెప్పి ఆ ధర అడిగితే, ఆ మాట సర్టిఫికెట్ మీదా, బిల్లు మీదా కూడా ఉండాలి.

2023లో మన ప్రధాని అమెరికా వెళ్లినప్పుడు జిల్ బైడెన్‌కి ఇచ్చిన ఏడున్నర క్యారెట్ల వజ్రం ల్యాబ్‌దే. అమెరికా ప్రభుత్వం తన కానుకల లెక్కల్లో దాని విలువ 20 వేల డాలర్లని రాసుకుంది. భూమిలోంచి వచ్చిన మంచి రాయి ఆ సైజులో అయితే ధర దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పెద్ద రాయి సరదా ఉండి, తిరిగి అమ్మే ఆలోచన లేకపోతే ల్యాబ్‌ది కొనుక్కోవడంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. కానీ వాటి ధరలు ఏటా పడుతూ వచ్చాయి. అది ఫోన్ కొన్నట్టే, డబ్బు దాచినట్టు కాదు.

మా పిన్నికి అసలు లెక్క అప్పుడే చెప్పాల్సొచ్చింది. మిర్చికి పెట్టుబడి కావాల్సినప్పుడల్లా వాళ్లింట్లో గాజులు బ్యాంకుకి వెళ్లొస్తుంటాయి. "ఉంగరం కూడా అంతేగా నాన్నా" అంది. అంతే కాదు పిన్నీ అన్నా. గోల్డ్ లోన్ దగ్గర తూకం వేసేటప్పుడు రాళ్ల బరువు తీసేస్తారు. ఎంత మంచి వజ్రమైనా అక్కడ దాని విలువ సున్నా.

అమ్మేటప్పుడు ఏమవుతుందో ఓ ఊహ లెక్క వేద్దాం. బంగారం 40 వేలు, వజ్రాలు 42 వేలు, మజూరీ 15 వేలు. దాని మీద 3 శాతం జీఎస్టీ 2,910. బిల్లు 99,910 రూపాయలు. బంగారం రేటు అక్కడే ఉందనుకుని ఉంగరం వెనక్కి ఇస్తే మజూరీ పోయింది, పన్ను పోయింది. కొట్టువాడు వజ్రానికి 80 శాతం ఇస్తానని రాసిచ్చి ఉంటే 33,600, బంగారానికి 40 వేలు, మొత్తం 73,600. రాసివ్వకపోతే వేరే కొట్టువాడు ఆ రాయికి ఏమిస్తే అది. కొందరైతే "రాయి మేం తీసుకోం, బంగారానికే ఇస్తాం" అంటారు. అందుకే కొనేముందే అడగండి: వెనక్కి తీసుకునే శాతం బిల్లు ధర మీదా, ఆ రోజు మీ ధర మీదా? నగదు ఇస్తారా, ఇంకో నగ కొనాల్సిందేనా? వాళ్లదే వేరే ఊరి బ్రాంచిలో చెల్లుతుందా? నోటిమాట వద్దు, కాగితం మీద ఉండాలి. పిన్ని ఇది విని రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత ఉంగరం బడ్జెట్ సగానికి దించి, మిగతాది కోడలికి గాజుల కింద పెట్టమంది. ఈఎంఐ మాట కూడా పోయింది.

బిల్లులో ఇంకో రెండు చూసుకోవాలి. వజ్రాల ఉంగరం చాలావరకు 18 క్యారెట్ల బంగారంతో చేస్తారు, లోపల 750 అని ముద్ర ఉంటుంది. నూటికి 75 పాళ్లే బంగారం. లెక్క 18 క్యారెట్ల రేటుకే కట్టాలి, బోర్డు మీది 22 క్యారెట్ల రేటుకి కాదు. రాళ్లు తీసేసిన బంగారం బరువు, వజ్రాల బరువు, మజూరీ విడివిడిగా రాయించుకోండి. హాల్‌మార్క్‌తో పాటు ఉండే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే బంగారం స్వచ్ఛత కనిపిస్తుంది. అది బంగారానికే పూచీ, రాయికి కాదు. "హాల్‌మార్క్ ఉందండీ, ఇంకేం చూడక్కర్లేదు" అంటే తల ఊపి, రాయి సర్టిఫికెట్ కూడా అడగండి.

పేటలో కొనాలా, గుంటూరో విజయవాడో వెళ్లాలా అని అడుగుతుంటారు. ఎక్కడైనా పర్వాలేదు, పైన చెప్పినవన్నీ రాసిచ్చేవాడి దగ్గర కొనండి. ఊళ్లో తెలిసిన షరాబు దగ్గర ఒక సుఖం ఉంది, రాయి కదిలితే మళ్లీ బస్సెక్కక్కర్లేదు.

వేలి కొలత మాత్రం పొద్దున్నే, ఏసీ కొట్లో తీసుకోకండి. వేడికి, సాయంత్రానికి వేళ్లు కాస్త ఉబ్బుతాయి, మన ఎండల్లో మరీను. రెండు రోజులు వేర్వేరు వేళల్లో కొలిచి చూడండి. చుట్టూ రాళ్లు పొదిగిన డిజైన్ అయితే తర్వాత వదులు చేయడం, బిగించడం దాదాపు కుదరదు. పైభాగంలోనే రాళ్లున్నదైతే ఆచారి గారు ఒక పూటలో సరిచేసి ఇస్తారు.